అందరూ సునీత ముఖమే చూశారు!

2024 నవంబరులో ఒక ఫొటో దేశదేశాల పత్రికల్లో పడింది. అంతరిక్ష కేంద్రంలో సునీతా విలియమ్స్, ఆమె సహచరుడు బుచ్ విల్మోర్ భోజనం దగ్గర ఉన్న ఫొటో అది. అందులో సునీత బుగ్గలు కాస్త లోపలికి పోయినట్టు కనిపించాయి. ఇంకేముంది! చిక్కి సగమైపోయిందని కొందరు, తిండి చాలడం లేదని కొందరు, ఏదో దాస్తున్నారని ఇంకొందరు. మన టీవీల్లో అయితే పాత ఫొటో ఒకటి, కొత్త ఫొటో ఒకటి పక్కపక్కన పెట్టి చర్చలు. అదే ఫొటోలో ఉన్న విల్మోర్ బుగ్గల గురించి మాత్రం పెద్దగా ఎవరూ ఆరా తీయలేదు.

నౌకాదళంలో హెలికాప్టర్లు నడిపి, రోదసిలో నడిచి, అంతరిక్ష కేంద్రానికి కమాండర్‌గా ఉన్న మనిషి. అయినా సరే, "ఏమే, ఇలా చిక్కిపోయావేం?" అన్న పలకరింపు నాలుగు వందల కిలోమీటర్ల ఎత్తున కూడా ఆమెను వదల్లేదు!

సునీత దానికి నవ్వుతూనే జవాబిచ్చారు. వచ్చినప్పుడు ఎంత బరువున్నానో ఇప్పుడూ అంతే ఉన్నాననీ, ఇక్కడ ఒంట్లో నీరు పైకీ కిందికీ సమానంగా సర్దుకుంటుంది కాబట్టి మనుషులు వేరుగా కనిపిస్తారనీ చెప్పారు. ఇంకో మాట కూడా చెప్పారు. బరువులెత్తే వ్యాయామం చేయడం వల్ల తన తొడలు కాస్త పెరిగాయట. ఆ మాట మాత్రం చాలామంది చెవిన పడలేదు. నన్నడిగితే ఆ మొత్తం గొడవలో మనం పట్టించుకోవలసిన మాట అదొక్కటే.

ఎందుకో చెప్పాలంటే ముందు అక్కడ బరువు ఎందుకు ఉండదో చూడాలి. అంత ఎత్తున భూమ్యాకర్షణ శక్తి ఉండదని చాలామందిమి అనుకుంటాం. బళ్ళో కూడా అలాగే చదివినట్టు గుర్తు. నిజానికి అంతరిక్ష కేంద్రం తిరిగే ఎత్తులో భూమి లాగే శక్తి ఇక్కడి దానిలో నూటికి తొంభై వంతులు ఉంటుంది. మరి తేలడం ఎలా? బావిలోంచి నీళ్ళు చేదుతూంటే తాడు తెగిందనుకోండి. బకెట్టూ, అందులో నీళ్ళూ కలిసే పడతాయి. పడుతున్నంతసేపూ నీళ్ళ బరువు బకెట్టు అడుగున ఆనదు. రెండూ ఒకే వేగంతో పోతుంటాయి కదా! అంతరిక్ష కేంద్రం కూడా అలా పడుతున్న బకెట్టే. కాకపోతే పక్కకు గంటకు 28 వేల కిలోమీటర్ల వేగంతో దూసుకుపోతూ పడుతుంది. అది కిందికి ఒంగే కొద్దీ గుండ్రటి భూమి కూడా ఒంగిపోతూ ఉంటుంది కాబట్టి ఎప్పటికీ నేలను తాకదు. తొంభై నిమిషాలకోసారి భూమిని చుట్టి వస్తుంది. లోపలి మనుషులు ఆ బకెట్టులో నీళ్ళ లాంటి వాళ్ళు. పాదాల కింద ఏదీ ఆనదు.

అలా ఏదీ ఆనకపోవడంతోనే ఒంటికి తిప్పలు మొదలవుతాయి.

మనం నిలబడి ఉన్నప్పుడు రక్తం, నీరు కాళ్ళ వైపు దిగుతుంటాయి. వాటిని పైకి నెట్టడానికి గుండె, రక్తనాళాలు, పిక్కలు కష్టపడుతుంటాయి. అక్కడ కిందికి దిగడం అన్నది లేదు. సుమారు రెండు లీటర్ల ద్రవం కాళ్ళలోంచి తల వైపు జరుగుతుందని అంచనా. మొదటి రోజుల్లో ముఖం ఉబ్బుతుంది, ముక్కు దిబ్బడేస్తుంది, కాళ్ళు మాత్రం కొంగ కాళ్ళలా సన్నబడతాయి. పై భాగంలో నీరు ఎక్కువైందని శరీరం పొరబడి దాన్ని తగ్గించుకుంటుంది. రక్తంలో నీటి భాగం తగ్గుతుంది. తల వైపు వత్తిడి వల్ల కొంతమందికి చూపులో తేడా వస్తుంది. వెన్నుపూసల మధ్య నొక్కుడు పోతుంది కాబట్టి మనిషి రెండంగుళాల దాకా పొడుగు సాగుతాడు. భూమ్మీదికి వచ్చాక మళ్ళీ మామూలే లెండి.

కండల సంగతి ఇంకా విచిత్రం. మనం నిలబడినా, కూర్చున్నా, ఆఖరికి మెడ నిలిపి టీవీ చూస్తున్నా కొన్ని కండలు మనకు తెలియకుండానే పని చేస్తుంటాయి. పిక్కలు, తొడల ముందు భాగం, పిరుదులు, వెన్ను పొడవునా ఉండే కండలు. భూమి కిందికి లాగుతుంటే మనల్ని కూలిపోకుండా నిలబెట్టేవి ఇవే. జీతం అడగని పనివాళ్ళు! రోదసిలో వీటికి పని ఉండదు. కండ అంటే మాంసకృత్తులు. అవి రోజూ కొంత కరుగుతూ, కొంత కొత్తగా కట్టుకుంటూ ఉంటాయి. బరువు పడితేనే కట్టుకునే పని సాగుతుంది. బరువు లేకపోతే అది మందగిస్తుంది, కరగడం మాత్రం ఆగదు. అందుకే అందరికంటే ముందు కరిగేవి ఈ నిలబెట్టే కండలే.

ఎముకలదీ అదే దారి. ఎముక అంటే ఒకసారి పోసి వదిలేసిన స్తంభం అనుకుంటాం గానీ, అందులో పడగొట్టే కూలీలూ కట్టే మేస్త్రీలూ ఎప్పుడూ పనిలోనే ఉంటారు. ఎక్కడ ఎంత బరువు పడుతోందో కనిపెట్టి, అక్కడ గట్టిగా కట్టాలని కబురు పంపే కణాలు ఎముకలోనే ఉన్నాయి. బరువు పడడం మానేస్తే కబురు ఆగిపోతుంది. మేస్త్రీలు చల్లగా జారుకుంటారు. కూలీలు మాత్రం పడగొడుతూనే ఉంటారు. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా లెక్క ప్రకారం, జాగ్రత్త పడకపోతే బరువు మోసే ఎముకలు నెలకు ఒకటి, ఒకటిన్నర శాతం దాకా సాంద్రత పోగొట్టుకుంటాయి. భూమ్మీద పెద్దవయసు వాళ్ళకు అంత పోవడానికి ఏడాదో, అంతకంటే ఎక్కువో పడుతుంది. ఎముకల్లోంచి కరిగిన కాల్షియం మూత్రంలో పోతుంది. కాబట్టి మూత్రపిండాల్లో రాళ్ళ భయం ఒకటి అదనం.

మరి సునీత తొడలు ఎందుకు తగ్గలేదు? పైగా ఎందుకు పెరిగాయి?

అంతరిక్ష కేంద్రంలో ఉన్న ప్రతి ఒక్కరూ రోజుకు రెండు, రెండున్నర గంటలు వ్యాయామానికి కేటాయిస్తారు. బట్టలు మార్చుకుని, చెమట తుడుచుకునే టైముతో కలిపి అనుకోండి. ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తాలంటే తేలిపోతారు కాబట్టి భుజాలకూ నడుముకూ పట్టీలు కట్టి, సాగే తాళ్ళతో కిందికి బిగిస్తారు. సునీత 2007 ఏప్రిల్ 16న అలా కట్టుకునే బోస్టన్ మారథాన్‌ను నాలుగు గంటల ఇరవై నాలుగు నిమిషాల్లో పరుగెత్తారు. సైకిల్ ఒకటి ఉంది, దానికి సీటు అక్కర్లేదు. అన్నిటికంటే ముఖ్యమైనది 2008లో పంపిన బరువుల యంత్రం. రోదసిలో ఇనప గుండ్లకు బరువుండదు కదా! అందుకని గాలి తీసేసిన సిలిండర్ల లాగుడుతో పని చేసేలా దాన్ని తయారు చేశారు. 270 కిలోల దాకా బరువెత్తినంత శ్రమ కలిగిస్తుంది. అంతకు ముందున్న యంత్రం ఇంత శ్రమ కలిగించలేకపోయేది. అప్పట్లో వ్యోమగాములు రోజూ వ్యాయామం చేసి కూడా ఎముక పోగొట్టుకునేవారు. కొత్తది వచ్చాక పరిస్థితి బాగా మెరుగుపడింది. అంటే ఏదో చేతులూ కాళ్ళూ ఆడించాం అంటే చాలదు, బరువు బరువుగానే పడాలన్నమాట.

ఎనిమిది రోజులని 2024 జూన్ 5న బయల్దేరిన మనిషి 286 రోజులు ఉండిపోయింది. వాళ్ళు ఎక్కి వెళ్ళిన బోయింగ్ స్టార్‌లైనర్ నౌకలో హీలియం లీకులు, చోదక యంత్రాల్లో లోపాలు బయటపడితే ఆ నౌకను ఖాళీగానే వెనక్కి దింపేశారు. వీళ్ళు స్పేస్‌ఎక్స్ నౌకలో 2025 మార్చి 19న, మన టైము ప్రకారం తెల్లవారుజామున, ఫ్లోరిడా తీరం దగ్గర సముద్రంలో దిగారు. అప్పటికి సునీత వయసు 59. జనవరిలో విద్యార్థులతో మాట్లాడుతూ, నడవడం ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నిస్తున్నానని చెప్పారు. నడవలేదు, కూర్చోలేదు, పడుకోలేదు మరి ఇన్నాళ్ళుగా!

దిగిన రోజున ఆమెను స్ట్రెచర్ మీద తీసుకెళ్ళడం చూసి మళ్ళీ గగ్గోలు. నిజానికి అది ప్రతి ఒక్కరికీ చేసే మామూలు ఏర్పాటే. చెవిలోపల తూకం చూసే అవయవం నెలల తరబడి పైదేదో కిందదేదో మర్చిపోయి ఉంటుంది. ఒక్కసారిగా నిలబడితే రక్తం కాళ్ళలోకి దిగిపోయి కళ్ళు తిరుగుతాయి. ఆడవాళ్ళకు ఈ కళ్ళు తిరగడం మగవాళ్ళకంటే ఎక్కువనీ, మగవాళ్ళకు చూపు దెబ్బ ఎక్కువనీ ఇంతవరకు గమనించినది. తర్వాత 45 రోజులపాటు రోజుకు రెండేసి గంటలు ఒళ్ళు దారిలో పెట్టే కార్యక్రమం ఉంటుంది. రెండు వారాలు తిరక్కముందే సునీత మూడు మైళ్ళు పరుగెత్తి వచ్చానని విలేఖరుల సమావేశంలో చెప్పారు. ఆ సంగతి మాత్రం స్ట్రెచర్ అంత పెద్దగా ఎవరూ చూపించలేదు.

ఆ ఏడాదే మన శుభాంశు శుక్లా జూన్ 25న వెళ్ళి జూలై 15న తిరిగొచ్చారు. ఇరవై రోజులే. అయినా దిగాక ఫొటో తీద్దామని ఫోన్ చేతిలోకి తీసుకుంటే ఎంతో బరువనిపించిందట. మంచం మీద కూర్చుని లాప్‌టాప్ మూసి, తేలుతుందిలే అని పక్కన వదిలేశారట. అది కాస్తా కింద పడింది. కింద తివాచీ ఉంది కాబట్టి బతికిపోయింది! ఆయన అక్కడ చేసిన ప్రయోగాల్లో ఒకటి కండరాల కణాలు బరువు లేని చోట ఎందుకు సరిగ్గా పెరగవన్న దాని మీదే. బెంగళూరులోని ఒక జీవశాస్త్ర సంస్థ తయారు చేసిన ప్రయోగం అది.

ఇదంతా చదివి, "బాగానే ఉందమ్మా, మేమేమన్నా రోదసికి వెళ్తామా?" అనుకుంటున్నారా? వెళ్ళక్కర్లేదు. మంచం ఎక్కితే చాలు.

మంచం మీద రోదసి

శాస్త్రవేత్తలు రోదసిలో ఒంటికి జరిగేది తెలుసుకోవాలంటే ప్రతిసారీ రాకెట్ ఎక్కించరు. ఆరోగ్యంగా ఉన్న మనుషుల్ని మంచం మీద పడుకోబెడతారు. 1966లో అమెరికాలోని డల్లాస్‌లో ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళు ఐదుగురిని మూడు వారాలు మంచం దిగనివ్వకుండా ఉంచారు. లేచాక వాళ్ళ శ్రమ చేసే శక్తి బాగా పడిపోయింది. ముప్ఫై ఏళ్ళ తర్వాత, 1996లో, అదే ఐదుగురిని వెతికి పట్టుకుని మళ్ళీ పరీక్షించారు. ముప్ఫై ఏళ్ళ వయసు మీద పడడం కంటే కుర్రతనంలో ఆ మూడు వారాలు పడుకోవడమే వాళ్ళ శక్తిని ఎక్కువ తగ్గించిందని తేలింది! ఇంతకంటే ఏం చెప్పాలి?

అయితే ఆ ఐదుగురూ మగవాళ్ళే. చాలాకాలం ఇలాంటి పరీక్షలన్నీ మగవాళ్ళ మీదే. ఆడవాళ్ళ ఒంటి గురించి అంతరిక్ష సంస్థలకు ఎంత తెలుసో చెప్పడానికి శాలీ రైడ్ కథ ఒకటి చాలు. 1983లో అమెరికా తరఫున రోదసికి వెళ్ళిన మొదటి మహిళ ఆమె. వారం రోజుల ప్రయాణానికి బహిష్టు అవసరాలకు టాంపన్లు వంద పెడితే సరిపోతాయా అని ఇంజనీర్లు ఆమెను అడిగారు. వందట! పాపం, పెళ్ళాలనైనా అడిగి ఉండాల్సింది. నవ్వొస్తుంది గానీ, 2019 మార్చిలో ఇద్దరు ఆడవాళ్ళు కలిసి రోదసి నడక చెయ్యాల్సి ఉంటే, ఇద్దరికీ సరిపోయే మీడియం సైజు సూటు పై భాగం ఒక్కటే సిద్ధంగా ఉందని వాయిదా వేశారు. చివరికి ఆ ఏడాది అక్టోబరు 18న క్రిస్టినా కోక్, జెస్సికా మెయిర్ కలిసి నడిచారు. సూట్ల సంగతే ఇలా ఉంటే ఎముకల లెక్కలు ఎలా ఉంటాయి? రోదసి నుంచి వచ్చిన ఏడాదికి కూడా కాలి ఎముక పూర్తిగా కోలుకుందా లేదా అని 17 మందిని పరీక్షించిన ఫలితాలు 2022లో వచ్చాయి. తొమ్మిది మందికి కోలుకోలేదు. ఆ 17 మందిలో ఆడవాళ్ళు ముగ్గురే.

అందుకే 2005లో ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో జరిగిన పరీక్ష నాకు ముఖ్యమనిపిస్తుంది. అందులో అందరూ ఆడవాళ్ళే. 24 మంది. అరవై రోజులు మంచం మీదే. తల వైపు ఆరు డిగ్రీలు వాలుగా దించిన మంచం. తిండి, స్నానం, చదువుకోవడం అన్నీ పడుకునే. వాళ్ళను మూడు జట్లుగా, ఎనిమిదేసి మందిని చేశారు. ఒక జట్టు ఊరికే పడుకుంది. రెండో జట్టుకు మాంసకృత్తులు దండిగా ఉన్న తిండి పెట్టారు. మూడో జట్టు పడుకునే వ్యాయామం చేసింది. బరువు కాళ్ళతో తన్నడం, నడుము కింది భాగాన్ని ఒక పెట్టెలో పెట్టి గాలి లాగేస్తూ నిలువుగా అమర్చిన ట్రెడ్‌మిల్ మీద నడవడం, అలాగన్నమాట.

అరవై రోజుల తర్వాత ఊరికే పడుకున్న వాళ్ళ తొడ కండలు ఐదోవంతు పోయాయి. పిక్కలు పావువంతు మించి పోయాయి. వ్యాయామం చేసిన వాళ్ళ తొడలు అలాగే ఉన్నాయి. పిక్కలు కొంచెమే తగ్గాయి. మరి బలమైన తిండి తిన్న జట్టు? వాళ్ళ కండ కూడా ఊరికే పడుకున్న వాళ్ళకు పోయినంతా పోయింది. తొడల్లో ఇంకాస్త ఎక్కువే పోయింది.

ఈ ముక్క దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మన ఇళ్ళల్లో ఎవరికైనా బాగోకపోతే మనకు తెలిసిన వైద్యం ఏమిటి? "బలమైన తిండి పెట్టు, కదలకుండా పడుకో." పాలు, గుడ్లు, డబ్బాల్లో వచ్చే పొడులు, మేక కాళ్ళ సూపు. పెట్టేది ప్రేమతోనే. పక్క దిగనివ్వనిదీ ప్రేమతోనే. కానీ బరువు పడని కండకు ఎంత తిండి పెట్టినా అది నిలవదని ఆ ఎనిమిది మంది ఆడవాళ్ళు రెండు నెలలు పడుకుని మరీ చూపించారు. తిండి అక్కర్లేదని నా ఉద్దేశం కాదు, పొరబడకండి. మాంసకృత్తులు లేకపోతే కండ కట్టుకోవడానికి సరుకే ఉండదు. సరుకు తెచ్చి వాకిట్లో పోసినంత మాత్రాన ఇల్లు లేవదు, అంతే.

పెద్దవాళ్ళ విషయంలో ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. ఆరోగ్యంగా ఉన్న పన్నెండు మంది పెద్దవాళ్ళను పది రోజులు మంచం మీద ఉంచితే కాళ్ళలోనే సుమారు కిలో కండ పోయిందని 2007లో అమెరికాలో ఒక పరీక్షలో తేలింది. పది రోజులంటే ఎంత? ఒక టైఫాయిడ్, ఒక చిన్న ఆపరేషన్.

గర్భిణుల సంగతి కూడా చెప్పుకోవాలి. "బెడ్ రెస్ట్" అనే మాట మన ఊళ్ళల్లో ఇప్పుడు సీమంతం అంత మామూలైపోయింది. నెలల తరబడి పడుకోబెడితే నెలలు నిండకుండా కాన్పు కావడం ఆగుతుందనడానికి సరైన ఆధారం లేదనీ, పైగా కాళ్ళ నరాల్లో రక్తం గడ్డకట్టడం, కండ, ఎముక తగ్గడం వంటి నష్టాలున్నాయనీ అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం కొన్నేళ్ళుగా చెబుతూనే ఉంది. అలాగని డాక్టరు చెప్పిన జాగ్రత్తను ఎవరూ సొంతంగా మానేయకండి. ఎందుకు, ఎన్నాళ్ళు, ఏయే పనులు చెయ్యొచ్చు అని మాత్రం నోరు తెరిచి అడగండి. పడుకోమన్నారంటే అసలు లేవొద్దనా, బరువులు ఎత్తొద్దనా? రెంటికీ చాలా తేడా ఉంది.

మన ఎముకలకు ఇంకో గండం

ఆడవాళ్ళ ఎముకలను కాపాడేది ఈస్ట్రోజెన్. నెలసరి ఆగిపోయాక అది పడిపోతుంది, ఎముక వేగంగా తరుగుతుంది. ఆ తర్వాతి ఐదారేళ్ళు మరీ ఎక్కువ. ఇంచుమించు రోదసిలో జరిగే పనే, కాకపోతే నిదానంగా, చప్పుడు లేకుండా. ఇది అందరాడవాళ్ళకూ ఉన్నదే. తెలుగు ఆడవాళ్ళకు దీనిమీద ఇంకొకటి తోడైంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురైతే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది, తెలంగాణలో సుమారు ఎనిమిది మంది. తర్వాతి సర్వేలోనూ పెద్ద మార్పు లేదు. అంటే వీళ్ళంతా యాభై లోపు వాళ్ళే! తెల్లబట్ట అవుతోందనో, కడుపు నొప్పి అనో వెళ్తే, "పిల్లలు పుట్టేశారుగా, ఇంకెందుకు" అని తీసేసిన కేసులు ఊరూరా వింటూనే ఉన్నాం. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ఈస్ట్రోజెన్ ఆ రోజుతో పడిపోతుంది. అండాశయాలు ఉంచినా నెలసరి ఆగాల్సిన వయసు కంటే కొన్నేళ్ళు ముందే అవి అలసిపోయే అవకాశం ఉంది. ముప్ఫై అయిదేళ్ళకు ఆపరేషన్ అయిన ఆమె నలభై అయిదుకే నడుం నొప్పి, మోకాళ్ళ నొప్పి అంటుంటే ఇంట్లో వాళ్ళు ఏమంటారు? "రెస్ట్ తీసుకో." మళ్ళీ అక్కడికే!

"మాకు రెస్టెక్కడ ఏడిసింది, తెల్లారి లేచిన దగ్గర్నుంచి పనేగా! మళ్ళీ వ్యాయామం కూడానా?" అని మీరు అంటారు. నిజమే, అలసట ఉంది. కానీ ఏ కండ అలిసిపోతోందన్నది చూడాలి. బావిలో నీళ్ళు చేదడం, రుబ్బురోలు తిప్పడం, రోకలి ఎత్తడం, గొంతుక్కూర్చుని అంట్లు తోమడం ఒక తరంలో మాయమయ్యాయి. వాటిని తిరిగి తెచ్చుకోమని నేను అనను. ఆ పనులతోనే మా అమ్మమ్మ నడుం వంగిపోయింది, ఆ కష్టం గొప్పేమీ కాదు. ఇప్పుడు గ్యాసుపొయ్యి ముందు గంటలు నిలబడటం, బల్ల మీద కూరలు తరగడం, స్కూటర్ మీద వెళ్ళి ఆఫీసులో కుర్చీలో కూర్చోవడం. ఒళ్ళు పులిసిపోతుంది గానీ తొడలకు, పిక్కలకు, వెన్నుకు పడాల్సిన బరువు పడదు. పొద్దున్నే కాలనీ చుట్టూ నడక మంచిదే, గుండెకు మరీ మంచిది. అదొక్కటే కండకు చాలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన ప్రకారం వారానికి కనీసం రెండున్నర గంటల నడక వంటి శ్రమతో పాటు, వారానికి రెండు రోజులైనా కండలు గట్టిపడే పని చెయ్యాలి. అరవై అయిదు దాటిన వాళ్ళు తూకం నిలుపుకునే కసరత్తు కూడా వారానికి మూడుసార్లు చెయ్యాలి.

దానికి జిమ్ము ఫీజులు కట్టక్కర్లేదు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం పదిసార్లు. వంటింటి గట్టు పట్టుకుని మడమలు ఎత్తి మునివేళ్ళ మీద నిలబడి దిగడం. మేడమెట్లు. నీళ్ళ సీసా చేతిలో పట్టుకుని తల పైకెత్తడం. వారం తిరిగేసరికి తేలికైపోతే కాస్త పెంచాలి. తేలికైపోయిన పని కండకు పని కాదు. ఎముకలు గుల్లబారాయని ఇప్పటికే పరీక్షలో తేలిన వాళ్ళు మాత్రం ముందుకు వంగి బరువులెత్తకూడదు. డాక్టర్ని, ఫిజియోథెరపిస్టుని అడిగే మొదలుపెట్టాలి.

అసలు చిక్కు వేరే ఉంది. సునీతకు వ్యాయామం ఖాళీ టైములో చేసుకునే సరదా కాదు. భూమ్మీది నుంచి పంపే దినచర్యలో ప్రయోగాలతో, మరమ్మతులతో పాటు అదీ రాసి ఉంటుంది. డ్యూటీ. ఎవరో వచ్చి "ఇప్పుడు కాదులే, ముందు టిఫిన్ పెట్టు" అనరు. అనడానికి వీల్లేదు. ఆ కొలువులో మనిషి ఒళ్ళు కూడా సంస్థ కాపాడుకోవలసిన సొత్తుల్లో ఒకటి. మన ఇళ్ళల్లో ఆడవాళ్ళ దినచర్య రాసేది ఎవరు? పిల్లల స్కూలు బస్సు, ఆయన ఆఫీసు, మావగారి మందులు, మునిసిపాలిటీ పంపు వచ్చే వేళ. వీటి మధ్య ఓ అరగంట "అమ్మ వ్యాయామం" అని రాసి గోడకు అంటించిన ఇల్లు నాకు ఇంతవరకు కనపడలేదు. మీకు కనపడితే చెప్పండి. జిమ్ముకు వెళ్ళే కొడుక్కి గుడ్లు ఉడకబెట్టి ఇచ్చే తల్లులు మాత్రం చాలామందే తెలుసు.

మా పెద్దమ్మ సంగతి చెప్పకుండా ఉండలేను. అరవై ఎనిమిదో ఏట బాత్‌రూమ్‌లో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ బాగానే అయింది. మర్నాడే నిలబెట్టమన్నాడు డాక్టరు. మేమే నిలబెట్టలేదు. నొప్పితో ఆవిడ కేకలు పెడుతుంటే మనసొప్పలేదు. ఇంటికి తెచ్చి రెండు నెలలు పక్క దిగనివ్వలేదు. వేళకు పాలు, రాగిజావ, పండ్ల రసం. చూడొచ్చిన వాళ్ళందరూ "ఎంత బాగా చూసుకుంటున్నారో" అని మెచ్చుకున్నారు. ఎముక అతుక్కుంది. ఆవిడ మాత్రం నిలబడలేకపోయింది. దుప్పటి తీసి చూస్తే పిక్కలు కర్రల్లా ఉన్నాయి.

తర్వాత ఓ ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చి రోజూ నానా తంటాలు పడింది. మొదటి వారం మంచం అంచున కూర్చోవడమే. నాలుగు నెలలకు వాకర్‌తో వంటింటిదాకా వచ్చింది. ఇప్పుడు గట్టు పట్టుకుని మడమలెత్తి దించుతుంది, రోజుకు ఇరవైసార్లు, గట్టిగా లెక్కపెట్టుకుంటూ. మా వదిన ఇప్పటికీ కంగారు పడి "పడిపోతారత్తయ్యా, కూర్చోండి" అంటుంది. పెద్దమ్మ లెక్క ఆపకుండా చెయ్యి ఊపుతుంది, అవతలికి పొమ్మని.